గట్టుపేట నైరుతి మూల

మీరు గీసిన ప్లాను మీద వాన కురుస్తుండగా మీరెప్పుడైనా నిలబడి చూశారా?

ఓవర్సీయర్లుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్లని నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఒకాయన మాత్రం, వానలో పని ఆపేస్తాం కదండీ, అన్నాడు. నిజాయితీ గల జవాబు. మనవాళ్లు రోడ్లూ, కాలవలూ, పేటలూ అన్నీ ఎండలో కొలుస్తారు, ఎండలో కడతారు, ఎండలోనే దండలు వేసుకుని ప్రారంభిస్తారు. అవి పనికి రావలసింది మాత్రం వానలో.

నా ఉద్యోగ చరిత్ర అంతా ఇక్కడ రాయను. నాకు పైమెట్టు ఎవరిచ్చారు, ఎవరు అడ్డుపడ్డారు అన్నది మా ఆవిడకే విసుగు పుట్టించిన కథ. పంతొమ్మిది వందల ముప్ఫైలలో ఏలూరు పక్కన పుట్టిన ఒక పేట గురించి, అక్కడ ఒక్క వానాకాలంలో జరిగిన సంగతి గురించి రాస్తాను. దాని పేరు గట్టుపేట అనుకోండి. అసలు పేరు చెబితే నొచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ ఉద్యోగంలో తెలుసుకోవలసినదంతా నాకు దాదాపు అక్కడే తెలిసింది.

పేట ఎలా పుట్టింది

ఏలూరు నుంచి దక్షిణంగా నేల కొల్లేటి వైపు వాలుతుంది. ఆ వాలు కంటికి ఆనదు. ఎటు చూసినా బల్లపరుపుగా వరిచేలే కనిపిస్తాయి. అలాంటి చేలు కొన్ని, ఎత్తయిన రోడ్డు కట్ట ఒకదానికి దిగువన ఉండేవి. ఏలూరు జిల్లాకు ముఖ్యపట్టణం అయ్యాక సర్కారు కచేరీలు, స్కూళ్లు పెరిగి, ఊళ్లో అద్దె ఇల్లు దొరకడం గగనమైంది. చేల ఆసామీ సమయం చూసుకుని వాటిని స్థలాలుగా కోసి అమ్మాడు.

ఉండి నుంచి, అత్తిలి నుంచి పిల్లల చదువులకని రైతు కుటుంబాలు వచ్చాయి. కోర్టు గుమాస్తాలు వచ్చారు. తాడేపల్లిగూడెం నుంచి ఒక రైసు మిల్లు మేస్త్రీ వచ్చాడు. కొల్లేరు పొంగి ఊరు మునిగినప్పుడు గొడ్డూ గోదాతో ఎగువకు వచ్చి, నీళ్లు తీసినా తిరిగి వెళ్లనివాళ్లు వచ్చారు. వీళ్లంతా రాకముందు అక్కడ ఒక్కటే ఇల్లు ఉండేది. ఈశాన్యపు కొసన, రోడ్డు కట్టను ఆనుకుని, ఖాసిం సాహెబు ఇల్లు. తివాచీలు నేసే కుటుంబం. పాత ఊళ్లో ఇరుకైపోయి, రంగు వేసిన ఉన్ని ఆరబెట్టుకోవడానికి జాగా కావాలని వాళ్ల నాన్న చేల మధ్య పాక వేసుకున్నాడు. తరవాత దాన్ని ఖాసిం సాహెబు పెంకుటిల్లు చేశాడు. పేటలో గోడలన్నీ ఆయన బావి నీళ్లతోనే లేచాయి. ఆ నీళ్లు తాగడానికి ఆచారం అడ్డొచ్చింది. సున్నం కలుపుకోవడానికి అడ్డు రాలేదు.

అయినా అది బతకడానికి మంచి పేట. నేను ఒక కోర్టు గుమాస్తా ఇంట్లో వీధి గది అద్దెకు తీసుకున్నాను. సాయంత్రమయ్యేసరికి పఠనాలయం అరుగు మీద ఒకరు పేపరు పైకి చదివితే పదిమంది వినేవారు. పీర్ల పండగకు రైతుల ఇళ్లనుంచి పానకం బిందెలు వెళ్లేవి. కొల్లేటి నుంచి చేపల గంపలు వచ్చిన పూట తినేవాళ్లూ తిననివాళ్లూ కూడా వీధిలోకి వచ్చి బేరం వినేవారు. ఎవరింట్లో జ్వరమైనా మిగతా ఇళ్లకి పొద్దెక్కకముందే తెలిసేది. చెడ్డవాడని చెప్పదగ్గ మనిషి ఆ పేటలో లేడు. ఇది గుర్తు పెట్టుకోండి. ఇంత మంచి పేట ఒక మనిషిని నీళ్లలో ముంచడానికి ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదని చెప్పడానికే ఈ రాత.

కట్ట జారింది

తొలకరి తరవాత రెండో వానకే రోడ్డు కట్ట పక్కన మట్టి జారింది. పేట మా ఆఫీసు హద్దులోది కాదు. రోడ్డు మాది. కట్ట ఎందుకు జారిందో చూసి రమ్మని మా ఇంజనీరు గారు నన్ను పంపాడు.

ఆయన గురించి చెప్పాలి. తంజావూరు వైపు మనిషి. పెద్ద నామం, చెవులకు పోగులు. మడి కట్టుకోనిదే మంచినీళ్లు ముట్టడు. నేనేమో మా నాన్నగారి అరుగు మీద వితంతు వివాహాల గురించీ, కులం గురించీ వాదనలు విని పెరిగినవాణ్ణి. ఇలాంటి పెద్దమనిషి కింద పని చెయ్యడం నాకు శిక్షే అనుకున్నాను. నెల తిరక్కుండానే తెలిసింది, ఆయన తన పూజగదిని డ్రాయింగు బల్ల దరిదాపులకి రానివ్వడని. సంస్కర్తలమని చెప్పుకునే మా స్నేహితుల్లో అంత నిగ్రహం ఉన్నవాణ్ణి నేను చూడలేదు.

ఆయనకో పద్ధతి ఉండేది. నీళ్లు నిలిచిన చోటికి వెళ్లి చూడడం ఆయన లెక్కలో చూడడం కాదు. వాన పడుతుండగా, నీళ్లు బయలుదేరిన చోట గుప్పెడు ఊక చల్లి, ఆ ఊక ఆగేదాకా దాని వెనకాల నడవాలి. గొడుగు వేసుకోవచ్చు, బండి ఎక్కకూడదు.

నడిచాను. ప్రతి ఇంటినుంచీ ఊక ఒకే వైపు వెళ్లింది. కొల్లేటి వైపు కాదు, ఎదురుగా. స్థలం కొన్న ప్రతివాడూ మొదట చేసిన పని కాలవ మట్టి తోలించి నైరుతి మూల ఎత్తు చెయ్యడం, ఈశాన్యం పల్లం చెయ్యడం. వాస్తు ప్రకారం ఇంటి నీళ్లు ఈశాన్యానికి పోవాలట. సందులు కూడా అలాగే వాల్చుకున్నారు. ఒక ఇల్లు అలా చేస్తే నేలకు తెలియదు. పేటంతా చేస్తే నేల తిరగబడుతుంది. దక్షిణానికి పోవలసిన నీరు ఇల్లిల్లూ చేతులు మారి, ఈశాన్యపు కొసకు చేరి, రోడ్డు కట్టకు కొట్టుకుని, ఖాసిం సాహెబు ఇంట్లో నిలుస్తోంది.

పూర్వం చేల నీరు దిగడానికి నైరుతి మూలన గట్టు కింద ఒక బోదె, చిన్న మట్టి కాలవ, ఉండేది. అది ఇంకా ఉంటే సగం బాధ తీరును. దాని కోసం వెతికాను. అది ఉండి వైపు నుంచి వచ్చిన రైతు గంగయ్య గారి దొడ్లో, మెరక కింద ఉంది. నైరుతి బరువుగా ఉండాలని దాన్ని పూడ్చి, మెరక పోయించి, ఆ మెరక మీద ధాన్యం గాదె పెట్టాడాయన. పేటంతటికీ ఉన్న ఒక్క నీటి దారి మీద పేటలోకెల్లా బరువైన వస్తువు కూర్చుంది.

వచ్చి ఇంజనీరు గారికి చెప్పాను.

"గంగయ్య ఎలాంటివాడు?" అన్నాడు.

"మంచివాడేనండీ."

"అయితే కష్టం. చెడ్డవాడైతే పోట్లాడి తవ్వించొచ్చు." మళ్లీ తనే, "ఒక సిద్ధాంతిని పట్టుకో. బోదె తెరిస్తే దోషం లేదని చెప్పించు. పనైపోతుంది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ పని చేస్తే వచ్చే ఏడు ఇంకో పేటలో ఇంకో సిద్ధాంతి ఇంకో బోదె మూయిస్తాడన్నాను. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూద్దాం, ఈ ఏడు ఆ సాహెబు ఇంటి సంగతి చూడమన్నాడాయన. ఈ విషయంలో ఆయనా నేనూ ఎన్నడూ ఒక మాట మీదికి రాలేదు. ఇప్పటికీ నాదే సరైన మాట అంటాను. కానీ ఆయన తొందర మాత్రం సరైనది.

ఎందుకంటే ఆ ఇంట్లో మునుగుతున్నది గచ్చు ఒక్కటే కాదు. తివాచీ మగ్గం నిలువుగా ఉంటుంది. రెండు దూలాలు నేలలోకి పాతి, వాటి మధ్య పడుగు దారాలు బిగిస్తారు. దాని ముందు బల్ల మీద కూర్చుని ఇంటిల్లిపాదీ ముడి మీద ముడి వేస్తారు. పెద్ద తివాచీ అయితే నెలల తరబడి మగ్గం మీదే ఉండాలి. మధ్యలో దించితే పనికిరాదు. నేల నాని ఒక దూలం ఒరిగితే పడుగు ఒక పక్క బిగుసుకుని ఒక పక్క వదులవుతుంది. తివాచీ వంకర పోతుంది. వంకర తివాచీని ఎవడూ కొనడు. అలా ఒక్కసారి జరిగితే ఆ ఇంటికి ఇంకో పని ఇచ్చేవాడూ ఉండడు. ఖాసిం సాహెబు మగ్గం మీద అప్పుడు సగం అయిన పెద్ద తివాచీ ఉంది.

సభలో గెలిచిన వాదం

పఠనాలయంలో వాస్తు మీద ఉపన్యాసం పెట్టాను. పేటంతా వచ్చింది. గంగయ్య గారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నేను అడిగింది చాలా చిన్న ప్రశ్న. కొండ వాలు మీద ఊరికీ, ఇసుక నేల మీద ఊరికీ, కొల్లేటి అంచున ఊరికీ పల్లం ఒకే మూలన ఎలా ఉంటుంది? ఎవరో ఒక పెద్దమనిషి తన ఊరి నేల చూసి, నీళ్లు అటు పోతున్నాయి కాబట్టి అటే పోనివ్వండి అని చెప్పి ఉంటాడు. అది తెలివైన మాట. ఆ మాటను ఆయన నేల మీదనుంచి పెకలించి తెచ్చి మన నేల మీద నాటడం తెలివి కాదు. ఆయన చూసి చెప్పాడు, మనం చూడకుండా చేస్తున్నాం.

చప్పట్లు బాగానే కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు నేను అద్దెకున్న ఇంటి గుమాస్తా. ఆయన దొడ్డి ఈశాన్యానికి నా కళ్లముందే పల్లం చేయించుకున్నాడు.

అప్పుడు గంగయ్య గారు లేచాడు. "ఓవర్సీయరు గారూ, తవరు చెప్పినదాంట్లో నేను కాదనగలిగింది ఏం లేదండి. గెలిచారండి. గాదె మాత్రం తియ్యనండి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కారణం అడిగాను. సభలో చెప్పేది కాదన్నాడు. ఇంటికి నడుస్తుంటే దారిలో తనే ఎత్తుకున్నాడు. ఉండి దగ్గర వాళ్ల ఊళ్లో, వాళ్ల అన్నయ్య దొడ్లో నైరుతిన పెంటగొయ్యి తవ్వించాడట. నైరుతి గొయ్యి ఇంటి ఇల్లాలిని మింగుతుందని సిద్ధాంతి ముందే చెప్పాడట. ఏడు తిరక్కుండా వదిన గారు పోయింది. ఆవిడ గంగయ్య గారి భార్య మాణిక్యమ్మ గారికి స్వయానా అక్క. అక్కచెల్లెళ్లిద్దరినీ అన్నదమ్ములిద్దరూ చేసుకున్నారు.

"ఆ ఏడు మీ ఊళ్లో ఇంకెవరూ పోలేదా అండీ?" అన్నాను.

"పోయారండి. వాళ్లు మా ఇంట్లో మనుషులు కాదు కదండీ."

దీనికి తర్కంలో జవాబు ఉంది. ఆ జవాబు నా నోటిదాకా వచ్చింది కూడా. చీకటి పడుతున్న వీధిలో భార్య గురించి భయపడుతున్న మనిషికి దాన్ని చెప్పడం వల్ల బోదె తెరుచుకోదని మాత్రం అర్థమైంది.

మర్యాదగా చెప్పిన మాట

నేను సిద్ధాంతిని పిలవలేదు. పేట పెద్దలు పిలిచారు. పేటలో నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయని అడిగారు. ఆయన నాలుగు వైపులా నడిచి చూసి, ఈశాన్యంలో బరువుందన్నాడు. ఖాసిం సాహెబు మగ్గం దూలాలు ఈశాన్యంలో నేలకు దిగబడి ఉన్నాయి, అందుకే ఈ ఉపద్రవం, అవి లేస్తే పేటకు శాంతి, అన్నాడు. ఇంజనీరు గారికి చెబితే, "నీ సిద్ధాంతిని ముందు తెచ్చుకోమన్నానా లేదా?" అన్నాడు.

ఆ ఆదివారం పెద్దలు నలుగురు ఖాసిం సాహెబు ఇంటికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. మా గోదావరి వైపు ఎవరినీ తిట్టి వెళ్లగొట్టరు. అండీ అంటూ వెళ్లగొడతారు. పిల్లల క్షేమం అడిగారు. తివాచీ రంగులు మెచ్చుకున్నారు. ఆ తరవాత, మీ మంచి కోరే చెబుతున్నామండి, పడమటి వైపు ఇంతకంటే మెరక స్థలం చూపిస్తామండి, అక్కడైతే మీకూ సుఖం మాకూ సుఖం, అన్నారు. ఆ మాటల్లో కటువైన మాట ఒక్కటి లేదు. మీ నాన్న ఇక్కడ ఉన్నప్పుడు ఇక్కడికి నీళ్లు రాలేదు కదా, మేం వచ్చాకే కదా వస్తున్నాయి, అన్నమాట కూడా ఒక్కటి లేదు.

ఖాసిం సాహెబు మెత్తటి మనిషి. "మగ్గం మీద పని ఉందండి. దించితే పడుగు పోద్దండి. ఇది అయ్యాక ఆలోచిస్తానండి," అన్నాడు.

"ఎప్పటికవుద్దండి?"

"నీళ్లు రాకపోతే బేగా అవుద్దండి."

పెద్దలకు అర్థమైంది. కానీ అర్థం కానట్టే తల ఊపి, నమస్కారాలు పెట్టి లేచారు. ఇంకో రెండు వానలు పడితే ఆయనే లేచి వెళ్తాడని వీధిలోకి వచ్చాక ఒకాయన అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఊక వెంట

ఆ వాన పట్టపగలే వచ్చింది. నేను తడుస్తూ గంగయ్య గారింటికి వెళ్లి ఒక బుట్టెడు ఊక ఇప్పించమన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని వాన చూస్తున్నాడు.

"ఉపన్యాసం అయిపోయి ఊక మీద పడ్డారేంటండీ?"

"మీ ఊక ఎక్కడికి పోతుందో చూద్దామండీ. అంతే. నేనేం మాట్లాడను."

లోపల్నుంచి మాణిక్యమ్మ గారు తనే ఊక బుట్ట తెచ్చింది. నేను ఆవిణ్ణి పిలవలేదు. ఎక్కడికి పోద్దో తనూ చూస్తానంది. తాటాకు గొడుగు కింద భార్యాభర్తలిద్దరూ బయలుదేరారు. వాళ్ల దొడ్డి ఈశాన్యం మూలన ఆవిడే ఊక కుమ్మరించింది. అది గోధుమరంగు తాడులా సాగి సందులోకి మళ్లింది. మేం వెనకాల నడిచాం. అరుగుల మీదవాళ్లకి ఇది వినోదంగా ఉంది.

"ఏవండీ గంగయ్య గారూ, ఊకని ఊరేగిస్తున్నారా?" అని మిల్లు మేస్త్రీ కేకేశాడు. "మేళం పెట్టించలేదేంటండీ?"

గంగయ్య గారు కూడా నవ్వాడు. సందు మలుపు తిరిగేసరికి మోకాలి లోతు వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

ఖాసిం సాహెబు గుమ్మంలోంచి ఊక నేరుగా లోపలికి పోయింది. లోపల ఆయనా ఆయన తమ్ముడూ మగ్గం దూలం మొదట్లో చీలలు కొడుతున్నారు. తివాచీ కింది చుట్టను గోనెలతో కట్టి ఎత్తి పెట్టారు. పొయ్యి నీళ్లలో ఉంది. ఆయన భార్య మీరాబీ వంటసామాను ఒళ్లో పెట్టుకుని నేతబల్ల మీద కూర్చుంది. మమ్మల్ని చూసి కంగారుపడి, సామాను ఒక పక్కకి జరిపి, మాణిక్యమ్మ గారికి చోటు చేసింది.

"రండమ్మా, ఇక్కడ పొడిగా ఉంది. కూర్చోండి."

మాణిక్యమ్మ గారు వెళ్లి ఆ బల్ల మీద కూర్చుంది. పేటలో ఏ హిందువుల ఇల్లాలూ అంతకుముందు ఆ బల్ల మీద కూర్చోలేదు. ఊక దూలం చుట్టూ తిరుగుతోంది. ఆవిడ దాన్నే చూస్తోంది.

"ఇదంతా మనదేనాండీ?" అంది.

గంగయ్య గారు తల ఊపాడు.

"నైరుతి దోషం ఎవరికి తగులుద్దన్నాడండీ సిద్ధాంతి?"

"ఇప్పుడెందుకే ఆ మాట?"

"చెప్పండి."

"ఇంటి ఇల్లాలికి."

"ఇల్లాల్ని నేనే కదండీ. అయితే తవ్వాలా వద్దా అని చెప్పాల్సింది కూడా నేనే. తవ్వించండి."

నేను సభల్లో పెద్ద పెద్ద వక్తల మాటలు విన్నాను. ఆ తడి ఇంట్లో మెల్లగా అన్న ఈ మాటకు సాటి రాగలది నాకు గుర్తు లేదు. ఆవిడ నా వాదం ఒప్పుకుని ఈ మాట అనలేదు. వాస్తు నిజమనే ఆవిడ నమ్మకం. దోషం తనకు తగులుతుందనే ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే తవ్వమంది.

మర్నాడు గాదె ఖాళీ చేశారు. సగం పేట వచ్చి చెయ్యి వేసింది, సగం పేట తలుపులు వేసుకుంది. మెరక తవ్వి బోదె నోరు తెరిచాం. సందుల వాలు నేను తాళ్లు కట్టి సరిచేయించాను. తవ్వినంతసేపూ మాణిక్యమ్మ గారు అటు చూడకుండా వీధి అరుగు మీద కూర్చుని పెదాలు కదుపుతూనే ఉంది. సాయంత్రానికి ఖాసిం సాహెబు పొయ్యి బయటపడింది.

జ్వరం

కొన్నాళ్లకి మాణిక్యమ్మ గారికి జ్వరం వచ్చింది.

ఆ రోజుల్లో టైఫాయిడుకి మందు లేదు. కనిపెట్టుకుని ఉండాలి, గంజి పొయ్యాలి, ఎదురుచూడాలి. డాక్టరు అంతే చెప్పి వెళ్లాడు. పేట అంతకంటే ఎక్కువ చెప్పింది. మొదట అరుగుల మీద, తరవాత బావి దగ్గర, తరవాత గంగయ్య గారి మొహం మీదే చెప్పింది. ముందే చెప్పామండి. పోనీ ఇప్పుడైనా మూసెయ్యండి. అన్నీ అండీలే.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి గంగయ్య గారు పార పట్టుకుని బోదె దగ్గర నిలబడి ఉన్నాడు. ఖాసిం సాహెబు ఎదురుగా ఉన్నాడు. మూసెయ్యమని అడగడానికే వచ్చాడట. "తివాచీ కోసి దించేస్తానయ్యా. మేం ఎటో అటు పోతాం. అమ్మగారి కంటే ఎక్కువ కాదండి," అన్నాడు. ఆ మాటతో ఆయనకి ఏం పోతుందో మా ఇద్దరికీ తెలుసు.

గంగయ్య గారు నా వైపు తిరిగాడు. "ఓవర్సీయరు గారూ, ఇది మూయకపోతే మా ఆవిడ బతుకుద్దని తవరు చెప్పగలరా?"

"చెప్పలేనండీ. మూస్తే బతుకుతుందని చెప్పేవాడు అబద్ధం చెబుతున్నాడు. మూయకపోతే బతుకుతుందని నేనన్నా అది అబద్ధమే. నాకు తెలిసింది ఒక్కటేనండీ. మూస్తే వచ్చే వానకి ఆ మగ్గం ఒరుగుతుంది."

ఈ ఉద్యోగంలో నేను చెప్పిన మాటలన్నిటిలోకీ కష్టమైనది అది. ఏదో ఒక ధైర్యం చెప్పేస్తే ఆయన పార దించేవాడేమో. హేతువాదం పేరు చెప్పుకునేవాడు భయపడుతున్న మనిషికి దొంగ భరోసా అమ్మితే, సిద్ధాంతికీ వాడికీ తేడా ఏముంది?

ఆయన పార మట్టిలో గుచ్చాడు. కిటికీలోంచి నీరసమైన గొంతు వినిపించింది.

"ఏవండీ, మూశారా?"

"లేదే."

"మూస్తే నా మాటకి విలువేం ఉందండీ."

గంగయ్య గారు పార తీసి గోడకి ఆనించి లోపలికి వెళ్లాడు.

ఆవిడ బతికింది. జుట్టంతా ఊడిపోయి, చిక్కి సగమై, వానాకాలం చివర్లో అరుగు మీదకి వచ్చి కూర్చుంది. తివాచీ పూర్తయి రోడ్డు మీద పరిచి ఉన్ని కొసలు కత్తిరించిన రోజున పేటంతా చూడటానికి వెళ్లింది. అంచు తిన్నగా ఉంది. పడమటి మెరక స్థలం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ కథ ఆపేస్తే మీకు బాగుంటుంది. నాకు బాగుండదు. ఆవిడ బతికింది కాబట్టి వాస్తు అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆవిడ పోయినా వాస్తు నిజమయ్యేది కాదు. టైఫాయిడుకి మూలలు తెలియవు. ఈ మాట ఆనాడు పేటలో చెప్పి చూశాను. వాళ్లు ఇంకో సిద్ధాంతం కనిపెట్టారు. సాహెబు ఇల్లు నిలబెట్టిన పుణ్యం ఆవిణ్ణి కాపాడిందన్నారు. ఆ సిద్ధాంతి గారే మళ్లీ వచ్చి, నైరుతి బోదె దోషాన్ని బయటికి మోసుకుపోతుందని సెలవిచ్చాడు. రెండేళ్లకి ఊరికి అవతల, నేల ఉత్తరానికి వాలిన చోట ఒక కొత్త పేట లేస్తే, అక్కడ ఇంటింటా నైరుతిన బోదెలు తవ్వారు. గట్టుపేటలో కలిసొచ్చిందట. ఎగువ నీరు ఆ బోదెల్లోంచే లోపలికి వచ్చి వాళ్ల ఇళ్లు మునిగాయి. మా ఇంజనీరు గారు ఆ సంగతి విని తల పట్టుకున్నాడు. వచ్చే ఏటి సంగతి అని ఆయన వాయిదా వేసింది అలా వచ్చింది.

ఉద్యోగం మారి ఏలూరు వదిలేముందు మాణిక్యమ్మ గారికి చెప్పి వెళ్దామని వెళ్లాను. భయం పోయిందా అమ్మా అని అడిగాను. "పోలేదండి. వానొస్తే ఇప్పటికీ ఆ మూల వంక చూడనండి," అంది. బోదెలో పడ్డ ఆకులు తీయించడం మాత్రం ఎప్పుడూ మానలేదని గంగయ్య గారు పక్కనుంచి చెప్పాడు.

అందుకే మీకు చెబుతున్నాను. ఓవర్సీయరైతే మీ హద్దులోని పేటకి, కాకపోతే మీ సొంత ఇంటికి, ఈ ఏడు వానలు పడకముందే వెళ్లండి. పక్కవాడిని ముంచుతూ మీరు మూసి ఉంచిన మూల ఒకటి తప్పకుండా ఉంటుంది. మూఢనమ్మకాలు దేశంలోంచి పోయాక తవ్వుదామని కూర్చోకండి. అంతదాకా ఆ పక్కవాడి ఇల్లు నిలవదు. నమ్మకం లేనివాళ్లు వెంటనే తవ్వండి. నమ్మకం ఉన్నవాళ్లు, చేతులు వణుకుతుంటే వణుకుతూనే పార పట్టుకుని తవ్వండి.